మడమ దగ్గర ఇంకో పొర

"మాటలు కాదు, చేతులు ఆడించున్రి! సబ్బునీళ్లు చల్లారిపోతున్నయి!" అంది స్వరాజ్యం టీచర్.

శనివారం మధ్యాహ్నం. ఆరో తరగతి గదిలో బెంచీలన్నీ గోడకు చేరాయి. పిల్లలు ఇద్దరిద్దరుగా చాపల మీద కూర్చుని, మోచేతుల దాకా నురగ పూసుకుని, ఎవరో తరుముతున్నట్టు రుద్దుతున్నారు. గదంతా తడిసిన గొర్రె వాసన.

వాళ్లు చేస్తున్నవి ఉన్ని చెప్పులు. ఇంట్లో పెద్దవాళ్లకు, చలికాలంలో వేసుకోవడానికి. దీనికి మగ్గం అక్కర్లేదు, సూదీ దారం అక్కర్లేదు. ఏకిన ఉన్నిని పొరలు పొరలుగా పరిచి, వేడి సబ్బునీళ్లు చల్లి, పైన దోమతెర ముక్క కప్పి రుద్దుతూ పోవాలి. రుద్దగా రుద్దగా పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని మందపాటి గుడ్డ అవుతుంది. దాన్ని ఫెల్ట్ అంటారట.

"ఒక్కసారి పట్టుకున్నయంటే మళ్ల ఇడువయి. మీ లెక్కనే మొండియి," అని నవ్వింది టీచర్.

ఒక్కో జంటకు ఒక జత. ఒక చెప్పు ఒకరు, ఇంకో చెప్పు ఇంకొకరు చెయ్యాలి. కృతిక ఎడమ కాలి చెప్పు చేస్తోంది. పక్కనే కుడి కాలి చెప్పు చేస్తున్నది సింధుజ, చిన్నబాపు బిడ్డ, అంటే బాపు తమ్ముడి కూతురు. ఒకే ఇల్లు కదా అని టీచర్ వాళ్లిద్దరినీ జంట కట్టింది. ఆ ఒకే ఇంట్లో ఏం జరుగుతోందో పాపం టీచర్‌కేం తెలుసు!

సింధుజ వాళ్ల అమ్మా నాయిన దౌల్తాబాద్ దిక్కు గొర్లను కాస్తారు. గడ్డి ఎక్కడుంటే మంద వెంట అక్కడికి పోతారు. బిడ్డ చదువు ఆగమైతుందని దసరా తర్వాత సిద్దిపేటలో కృతిక వాళ్లింట్లో దింపి పోయారు. ఆ పిల్ల మాట్లాడేది తక్కువ, పని చేసేది ఎక్కువ. కృతికకు అదే నచ్చలేదు.

నాయనమ్మ నర్సమ్మ కాళ్లకు రోజూ సాయంత్రం నూనె రాసే పని ఇదివరకు కృతికదే. అప్పుడు ఎంత విసుక్కునేదో! "ఆగు నాయనమ్మా, ఫోన్ చూస్తున్న," అనేది. రెండు నిమిషాలు రాసి, చేతులు దులుపుకుని పారిపోయేది. సింధుజ వచ్చిన మూడో రోజే ఆ నూనె సీసా అందుకుంది. అంతే, కృతికకు ఆ సీసా మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొచ్చింది. వద్దనుకుని వదిలేసిన పని ఇంకొకరి చేతికి పోతే అది బంగారంలా కనిపిస్తుంది మరి.

"సింధుజది పట్టుకుంది!" అంది టీచర్, ఉన్నిని రెండు వేళ్లతో చిటికెడు పట్టి లాగి చూసి. పోగులు విడిగా లేచి రాలేదు. "భలే చేసినవ్ బిడ్డా. అందరు గిటు చూడున్రి!"

అందరూ చూశారు. కృతిక చూడలేదు. తన చెప్పును కూడా చిటికెడు పట్టి లాగింది. పోగులు బూజులా వేళ్లకు అంటుకుని లేచి వచ్చాయి. కృతికకు కళ్లు కుట్టాయి. డ్రాయింగ్‌లో తనే ఫస్టు, రంగవల్లిలో తనే ఫస్టు. ఈ బొచ్చు పనిలో మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల పేరు గదంతా మోగాలా?

"నీది కూడ అయితది, జర నిమ్మలంగ రుద్దు," అంది సింధుజ మెల్లగా.

"నాకు తెల్సు," అంది కృతిక.

బడి అయ్యేసరికి కృతికది కూడా పట్టుకుంది. అప్పుడు టీచర్ పైభాగం కత్తిరించి, లోపలున్న ఫ్లెక్సీ ముక్కను బయటికి లాగింది. పాత బ్యానర్‌ను చెప్పు ఆకారంలో కోసి, దాని చుట్టూ ఉన్ని పరిచారన్నమాట. అది మధ్యలో ఉంటేనే పైపొర కిందపొరకు అతుక్కోదు. సింధుజ ముక్క మీద దండం పెడుతున్న చేతులున్నాయి. కృతిక ముక్క మీద ఎవరిదో సగం మీసం. దాన్ని చూసి సాయికిరణ్ పడీపడీ నవ్వాడు.

చెప్పులు మాత్రం రెండూ ఏనుగు పాదాలంత ఉన్నాయి.

"పెద్దగున్నయని భయపడకున్రి. ఇంటికాడ వేడినీళ్లు పోసి, చాపల చుట్టి రుద్దితే దగ్గరికొస్తయి," అంది టీచర్. తర్వాత వేలెత్తింది. "జంట జంట కూసొనే రుద్దాలె. మాటిమాటికి కాలుకు తొడిగి చూడాలె. రుద్దినకొద్ది చిన్నగైతది. చిన్నగైనంక మళ్ల పెద్దగ చేసుడు నాతోని కాదు, కలెక్టర్ సారుతోని కూడ కాదు. సోమవారం అవ్వలు, తాతలు బడికొస్తరు. వాళ్ల కాళ్లకు మీరే తొడగాలె. సరేనా?"

"సరే టీచర్!" అని అందరూ అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది కృతికే.

ఆదివారం పొద్దున ఇద్దరూ పెరట్లో కూర్చున్నారు. నాయనమ్మ కుర్చీ వేసుకుని, కాళ్లు చాపి, రాణిలా కూర్చుంది. ఇంట్లో కొత్తగా వేయించిన బండలు చలికి మంచులా ఉంటాయి. రబ్బరు చెప్పులేమో జారతాయి. తెల్లారి లేచి కాలు కింద పెట్టాలంటే నాయనమ్మకు ఏడుపొచ్చినంత పని. "ఈ చెప్పులొస్తే నేను ఇల్లంత తిరుగుత సూడున్రి," అని వారం నుంచి అందరితో చెబుతోంది.

చాపలో చుట్టారు. రుద్దారు. విప్పారు. కాలికి తొడిగారు. మళ్లీ చుట్టారు. పొద్దెక్కేసరికి సింధుజ చెప్పు నాయనమ్మ కుడి కాలికి కుట్టించినట్టు కూర్చుంది.

"అబ్బ, ఎంత వెచ్చగుంది! నీ చెయ్యి మంచిదే సింధూ," అంది నాయనమ్మ, ఆ పిల్ల గదవ పట్టుకుని.

"మరి నాది?" అంది కృతిక.

"నీది జర వదులుంది బిడ్డా. ఇంకింత రుద్దాలె. తొందరేమున్నది, తిన్నంక చేద్దురు తియ్."

వదులు! కృతికకు ఆ మాట గొంతులో ముల్లులా ఇరుక్కుంది. అన్నం తింటున్నంతసేపూ అది దిగలేదు. కోడికూర కూడా రుచించలేదంటే చూసుకోండి.

తిన్నాక నాయనమ్మ నడుం వాల్చింది. సింధుజ పక్కనే పడుకుంది. "లేచినంక ఇద్దరం చేద్దాం," అంది కళ్లు మూసుకుంటూ. బాపు హార్డ్‌వేర్ షాపుకు పోయాడు. అమ్మ టీవీ ముందు కూర్చుంది.

కృతిక పిల్లిలా పెరట్లోకి పోయింది. గీజరు నీళ్లు బకెట్‌లో పట్టుకుంది, పొగలు కక్కేంత వేడివి. చాప కూడా తీసుకోలేదు. చెప్పును నేరుగా బట్టలుతికే బండ మీద వేసి, సబ్బు దట్టించి, రుద్దడం మొదలుపెట్టింది.

వదులుందంట, వదులు. పరపరా రుద్దింది.

భలే చేసినవ్ బిడ్డా అంట. ఇంకా గట్టిగా రుద్దింది.

నీ చెయ్యి మంచిదే సింధూ అంట. సింధూ! తనను ఎప్పుడైనా 'కృతూ' అని పిలిచిందా నాయనమ్మ? వేడినీళ్లు గుమ్మరించి, చెప్పును బండకేసి కొట్టింది. నూనె సీసా గుర్తొచ్చింది. మళ్లీ కొట్టింది.

చేతులు ఎర్రబడ్డాయి. కానీ చెప్పు మాత్రం ఎంత బాగా అవుతోందో! వేలితో నొక్కితే చెక్కలా ఉంది. చిటికెడు పట్టి లాగితే ఒక్క పోగు రావడం లేదు. సింధుజది దీని ముందు దూదిపింజ. టీచర్ రేపు ఏమంటుందో కూడా కృతికకు వినిపించింది. "అందరు గిటు చూడున్రి!"

ఆ సంబరంలో ఇంకాస్త రుద్దింది.

చివరికి నీళ్లు పిండి, చెప్పును దులిపి, గోడ మీద ఆరబెట్టిన సింధుజ చెప్పు పక్కన పెట్టింది.

రెండింటినీ మార్చి మార్చి చూసింది.

సింధుజది నాయనమ్మ కాలంత ఉంది. తనది తన కాలంత కూడా లేదు. పక్కింటి ఎల్‌కేజీ పిల్లకు సరిగ్గా సరిపోతుంది.

కృతిక దాన్ని రెండు చేతులతో పట్టి లాగింది. మోకాళ్ల మధ్య పెట్టి లాగింది. లోపల స్టీలు గ్లాసు దూర్చి చూసింది. ఒక్క వేలెడు కూడా సాగలేదు. అంత గట్టిగా చేసింది మరి, ఎట్లా సాగుతుంది?

ఇప్పుడెట్లా? టీచర్‌కు ఏం చెప్పాలి? ఎడమ కాలికేం తొడగాలి?

గోడ మీద సింధుజ చెప్పు కనిపించింది. బకెట్‌లో నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి.

అప్పుడు కృతికకు ఒక పాడు ఆలోచన వచ్చింది. దాన్ని కూడా రుద్దేస్తే? రెండూ ఒక్కతీరుగా చిన్నవైపోతాయి. ఉన్నే మంచిది కాదు టీచర్, రెండూ కుంచించుకుపోయాయి అని చెప్పొచ్చు. అప్పుడు తప్పు ఎవరిదీ కాదు. సింధుజ గొప్పా ఉండదు.

చెప్పును తీసుకుని బండ మీద పెట్టింది. సబ్బు అందుకుంది. పట్టు దొరకడానికి ఎడమ చెయ్యి లోపలికి పెట్టింది.

వేళ్లకు ఏదో మెత్తగా తగిలింది.

చెప్పు అంతా ఒకే మందం లేదు. వెనక, మడమ ఆనే చోట ఉన్ని దిండులా ఉంది. కృతిక నొక్కి చూసింది. అక్కడ ఇంకో పొర వేసింది సింధుజ. అందరికీ సమానంగానే ఉన్ని తూచి ఇచ్చింది కదా టీచర్, మరి ఇదెక్కడిది? పైభాగం తడిమితే తెలిసింది. పైన కాస్త పలచన చేసి, మిగిల్చిన ఉన్నిని మడమ కింద పరిచింది.

నాయనమ్మ మడమల నిండా పగుళ్లు. చలికాలం అవి నెర్రెలు బారిన చెలకలా ఉంటాయి, ఒక్కోసారి నెత్తురు కూడా వస్తుంది. రోజూ నూనె రాసే చేతులకు అది తెలుసు. కృతిక కూడా ఏడాది పాటు రాసింది. ఆమెకూ తెలుసు. కానీ చెప్పు చేస్తున్నంతసేపూ సింధుజ మొహమే తప్ప నాయనమ్మ మడమ ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

సబ్బు చేతిలోంచి జారి బకెట్‌లో పడింది.

"ఏం చేస్తున్నవే?"

తలుపు దగ్గర సింధుజ నిలబడి ఉంది. బండ మీద తన చెప్పు, దాని లోపల కృతిక చెయ్యి, పక్కన పొగలు కక్కే బకెట్. బకెట్ పక్కనే చిట్టి చెప్పు. ఆ పిల్లకు అంతా ఒక్క చూపులో అర్థమైపోయింది.

"నీది ఖరాబ్ చేసుకున్నవ్. ఇప్పుడు నాది కూడ చేస్తున్నవా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ వేళ్లు ఇంకా ఆ మెత్తటి పొర మీదే ఉన్నాయి.

"చేద్దామనుకున్న," అంది కృతిక. "చెయ్యలే."

సింధుజ వచ్చి తన చెప్పును లాక్కుంది. గుండెకు ఆనించుకుంది. "ఇద్దరం కల్సి చేద్దామన్న గద. నన్ను లేపితే ఏమైతుండె?" అంది. కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. ఆ రోజంతా మళ్లీ మాట్లాడలేదు. అట్లా అని అమ్మకు చెప్పలేదు, నాయనమ్మకూ చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే కృతికకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

సోమవారం బడి జాతరలా ఉంది. అవ్వలు, తాతలు కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. నర్సమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఆటో దిగి, అందరినీ పలకరించుకుంటూ వచ్చింది. పక్కన కూర్చున్న దుర్గవ్వతో, "నాకు ఇద్దరు మనవరాండ్లు చేసిన్రు, చెరొక చెప్పు," అని చెప్పుకుంది. కృతికకు భూమిలోకి దిగిపోదామనిపించింది.

వాళ్ల వంతు వచ్చింది. సింధుజ కుడి కాలికి తొడిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంకోటి?" అంది స్వరాజ్యం టీచర్.

కృతిక సంచిలోంచి తీసింది. గదంతా గొల్లుమంది.

"బొమ్మకు చేసినవా కృతికా?" అన్నాడు సాయికిరణ్.

"ఏమైంది సింధుజా? ఇద్దరు కల్సి చూసుకోలేదా?" టీచర్ సింధుజ వైపు తిరిగింది.

సింధుజ తల వంచుకుంది.

"సింధుజది తప్పు లేదు టీచర్," అంది కృతిక. "తను పండుకున్నప్పుడు నేనొక్కదాన్నే రుద్దిన. కాలుకు తొడిగి చూడలే."

"ఎందుకట్ల?"

"తనదానికంటె నాది మంచిగుండాలని." చేతిలోని చెప్పు వైపే చూసింది. "నాకు కుళ్లు పుట్టింది టీచర్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నర్సమ్మ ఆ చిట్టి చెప్పును అందుకుని అటూ ఇటూ తిప్పింది. నొక్కి చూసింది. అందులో చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా సరిగ్గా పట్టింది.

"గట్టిగ చేసింది నా మనవరాలు. కాలుకు రాకుంటె ఏంది, ఇండ్ల కండ్లద్దాలు పెట్టుకుంట," అని తన కళ్లద్దాలు తీసి అందులో పెట్టుకుంది. తర్వాత చలికి ముడుచుకున్న ఎడమ కాలిని చీర కుచ్చిళ్ల కిందకు లాక్కుంది.

ఆ లాక్కోవడం కృతిక ఒక్కతే చూసింది.

"టీచర్, ఇంకింత ఉన్ని ఉందా?" అంది.

"లేదు బిడ్డా. అందరికి పంచేసిన గద. పిల్లల కాడ ముక్కలు మిగిలినయేమో అడుగు."

అడగాలి. తనను చూసి నవ్వినవాళ్లను! కృతిక ఒక్క నిమిషం నిలబడింది. తర్వాత పాలిథిన్ కవరు పట్టుకుని చాప చాపకూ తిరిగింది. ఒకరు నల్లటి ఉన్ని ఇచ్చారు, ఒకరు బూడిదరంగుది. సాయికిరణ్ జేబులు తడిమి ఇంత తెల్ల ఉన్ని తీసి, "ఇగో, బొమ్మ అన్నందుకు," అని కవర్లో వేశాడు.

చివరికి సింధుజ ముందు ఆగింది.

"నువ్వు నా పక్కకు కూసుంటవా?" అంది. "నాకు యాడ ఆపాల్నో తెల్వది."

సింధుజ కవర్లోకి తొంగి చూసింది. "తెల్లది పైన ఎయ్యి. నల్లది గట్టిది, కిందికి పనికొస్తది," అంది చివరికి.

ఆ సాయంత్రం పెరట్లో మళ్లీ చాప పరిచారు. కొత్త ఫ్లెక్సీ ముక్క మీద ఈసారి ఎవరిదో చెవి ఉంది. కృతిక ఉన్ని తీసుకుని, అన్నిటికంటే ముందు మడమ ఆనే చోట ఒక పొర పరిచింది. దాని మీద అడ్డంగా ఇంకో పొర. సింధుజ అది చూసింది. నురగలో చేతులు పెట్టి తనూ రుద్దసాగింది.

మరుసటి రోజు చాపలో చుట్టి రుద్దారు. నాయనమ్మ కాలు చాపుకుని కూర్చుంది. రుద్దడం, విప్పడం, తొడగడం. చెప్పు నలుపూ తెలుపూ బూడిదరంగూ కలిసి గొర్రెపిల్లలా మచ్చలు మచ్చలుగా ఉంది. ఎగ్జిబిషన్‌లో పెడితే ఫస్టు ప్రైజు వచ్చేలా మాత్రం లేదు.

ఇంకొకసారి తొడిగారు. కాలు లోపలికి పోయి మెత్తగా కూర్చుంది.

"ఇంకింత రుద్దుతవా?" అంది సింధుజ. "నాదానికంటె గట్టిగైతది."

కృతిక కుళ్లు అంతా కొట్టుకుపోయిందా? అంత తొందరగా ఎక్కడ పోతుంది! ఆ మాటకు వేళ్లు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. చెప్పును చూసింది. సింధుజ చెప్పును చూసింది. తర్వాత వాటిలో ఉన్న రెండు పాదాలను చూసింది.

"వద్దు, సరిపోయింది," అని తడి చేతులు తుడుచుకుంది.

నాయనమ్మ కాళ్ల నుంచి రెండు చెప్పులూ విప్పి, గోడ మీద పక్కపక్కన పెట్టింది. లోపలికి పోయి అలమారలోంచి నూనె సీసా తెచ్చింది. మూత తీసి ముందు సింధుజ అరచేతిలో పోసింది, తర్వాత తన అరచేతిలో పోసుకుంది.

"నాయనమ్మా, ఎడమ కాలు ఇటియ్యి," అంది.